బటన్ ఫోనా, టచ్ ఫోనా? బొటనవేలిని అడగండి

"డాక్టరుగారూ, బటన్ ఫోను మంచిదా, టచ్ ఫోను మంచిదా?"

ఈమధ్య ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. మీకు నవ్వు రావచ్చు. ఫోన్ల సంగతి ఫోన్ల కొట్టులో అడగాలి గాని డాక్టరుని అడగడం ఏమిటి అనిపించవచ్చు. కాని అడిగేవాళ్ళు ఉత్త చేతులతో రావడం లేదు. ఒక చేత్తో రెండో చేతి బొటనవేలు పట్టుకుని వచ్చి అడుగుతున్నారు. అంచేత జవాబు చెప్పక తప్పదు.

మాది నెల్లూరు జిల్లా పడమటి వైపు, అనుమసముద్రంపేట. ఎ.ఎస్.పేట అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. హజరత్ ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా వున్న వూరు. కులం, మతం అన్న పట్టింపు లేకుండా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వాళ్ళని నమ్ముకుని దర్గా వీధిలో ఎన్నో చిన్న చిన్న కొట్లు బతుకుతున్నాయి. అలాంటి ఒక కొట్టు నడుపుకునే ఆమె, ముప్ఫయి అయిదేళ్ళుంటాయి, కొన్ని నెలల కిందట నా దగ్గరకు వచ్చింది.

"గిన్నె ఎత్తలేకపోతా ఉండా సార్. బిడ్డకి జడ వేసేదానికి కూడా కావడంలేదు. చెయ్యి ఇరిగిందేమోనని బయంగా ఉంది," అంది.

ఎక్కడా పడలేదు. దెబ్బ తగల్లేదు. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, కొంచెం వాపు వుంది. ఏం పని చేస్తావమ్మా అని అడిగితే, కొట్లో బేరం అంది. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆరు నెలల కిందట టచ్ ఫోను కొన్నది. దూరపు వూళ్ళవాళ్ళు వాట్సాప్‌లో సరుకు అడుగుతారు. రాత్రి పదకొండు దాకా వాళ్ళకి జవాబులు రాస్తుంది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, అదే చేతి బొటనవేలితో రాస్తుంది. రెండో చెయ్యి పనిలోనో, చంటివాడి మీదనో వుంటుంది.

ఆమెని ఒక చిన్న పని చెయ్యమన్నాను. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మీద మిగతా నాలుగు వేళ్ళూ మూసి గుప్పిట పట్టమన్నాను. ఆ గుప్పిటని మెల్లగా చిటికెనవేలి వైపుకి వంచాను. "అబ్బా!" అని చెయ్యి లాక్కుంది. రోగం ఏమిటో తెలిసిపోయింది.

ఒక ఒర, రెండు తాళ్ళు

బొటనవేలిని పక్కకి చాచడానికి ఒక కండరం, వెనక్కి ఎత్తడానికి ఒక కండరం ముంజేతిలో వున్నాయి. వాటి కొసలు తాళ్ళలాగా సన్నబడి మణికట్టు మీదుగా బొటనవేలికి చేరతాయి. వీటినే మనవాళ్ళు "నరాలు" అంటారు. నిజానికి ఇవి నరాలు కావు, టెండన్లు. ఈ రెండు తాళ్ళూ మణికట్టు పక్కన ఒకే ఇరుకు ఒరలోంచి వెళ్ళాలి. బొటనవేలు కదిలినప్పుడల్లా ఈ తాళ్ళు ఆ ఒరలో ముందుకీ వెనక్కీ జారుతూ వుంటాయి. రోజుకి కొన్ని వందలసార్లు జారితే బాధ లేదు. వేలసార్లు, అదీ వేలు బాగా చాచిన స్థితిలో జారితే ఒర మందమవుతుంది. దారి ఇంకా ఇరుకవుతుంది. ఇక వేలు కదిపితే చాలు, ప్రాణం పోయినట్టు వుంటుంది.

దీన్ని 1895లో స్విట్జర్లాండుకు చెందిన సర్జన్ ఫ్రిట్జ్ డీ కెర్వేన్ వర్ణించాడు. ఆయన పేరే ఈ జబ్బుకి పెట్టారు. అంటే టెలిఫోను చేతి సంచిలోకి రాకముందు నుంచీ ఈ జబ్బు వుందన్నమాట. బట్టలు పిండేవాళ్ళకి ఎక్కువగా వస్తుందని ఇంగ్లీషులో దీనికి ఆ అర్థం వచ్చే పాత పేరు కూడా వుంది. చంటిబిడ్డల్ని చంకల కింద చేతులు పెట్టి మాటిమాటికీ ఎత్తుకునే తల్లులకి వస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ. మా పక్కనే ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే పనివాళ్ళున్నారు. ఉలి, ఆకురాయి పట్టుకునే ఆ చేతుల్లో బొటనవేలు అలసిపోయిందంటే ఎవరికీ ఆశ్చర్యం లేదు. ఫోను పట్టుకుంటే అలసిపోతుందంటేనే ఎవరూ నమ్మరు.

బటన్ ఫోను చేసే పని

ఇప్పుడు ప్రశ్నకి వద్దాం. ముందు బటన్ ఫోను సంగతి చూద్దాం.

మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. 2003లో వచ్చిన నోకియా 1100 మన పల్లెల్లో చెయ్యి చెయ్యీ తిరిగింది. దాని బరువు 86 గ్రాములు. అలాంటి ఫోన్లలో ఒక్కో బటన్ మీద మూడు నాలుగు అక్షరాలు వుండేవి. "బాగున్నారా" అని ఇంగ్లీషు అక్షరాలతో రాయాలంటే, నేను లెక్కపెట్టి చూశాను, 15 నొక్కులు కావాలి. "బి" కోసం 2 అంకెని రెండుసార్లు, "ఆర్" కోసం 7 అంకెని మూడుసార్లు, అలా. అదే మాట టచ్ ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు తాకి రాస్తే 9 తాకిళ్ళతో సరిపోతుంది.

పైగా బటన్‌ని గట్టిగా నొక్కాలి. వేలి కొసతో ఒక కిలో బలంతో చిటికె పడితే, బొటనవేలి మొదటి కీలు మీద దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుందని 1970లలోనే పరిశోధకులు లెక్క కట్టారు. కొస చిన్నదే, భారమంతా మొదటికి చేరుతుంది. అంచేత బొటనవేలి మొదటి కీలు అరిగినవాళ్ళకి బటన్లు నొక్కడం బాధే. 2000 తర్వాత, చిన్న చిన్న మీటలున్న బ్లాక్‌బెర్రీ ఫోన్లు పెద్ద వుద్యోగుల చేతుల్లో వున్న రోజుల్లో "బ్లాక్‌బెర్రీ బొటనవేలు" అనే మాట పుట్టడానికి కారణం ఇదే.

కాని బటన్‌కి ఒక గొప్ప గుణం వుంది. అది వేలికి జవాబు చెబుతుంది. నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. 5 అంకె మీద చిన్న బొడిపె వుంటుంది. దాన్ని తడిమి మిగతా బటన్లు ఎక్కడున్నాయో వేలు తెలుసుకుంటుంది. కంటితో చూడనక్కర్లేదు. క్లాసులో బెంచీ కింద ఫోను పెట్టుకుని, పంతులుగారి ముఖం చూస్తూనే మెసేజీలు పంపిన కుర్రాళ్ళు వుండేవాళ్ళు. నేను వాళ్ళని మెచ్చుకోవడం లేదు. వాళ్ళ మెడలు మాత్రం నిటారుగా వుండేవని చెబుతున్నాను.

టచ్ ఫోను చేసే పని

2007లో ఐఫోను వచ్చింది. మీటలు పోయాయి. అద్దం వచ్చింది. ఈ అద్దం బలాన్ని చూడదు. వేలిలోని సన్నపాటి విద్యుత్ గుణాన్ని పసిగడుతుంది. అందుకే మెత్తగా తాకితే చాలు. కీళ్ళ నొప్పులవాళ్ళకి ఇది మేలే.

అయితే ఈ అద్దం మీద ఏ అక్షరం ఎక్కడుందో వేలికి తెలియదు. అంతా ఒకే నున్నన. కాబట్టి కన్ను అక్కడే వుండాలి. కన్ను అక్కడ వుండాలంటే మెడ వంగాలి. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. న్యూయార్కులో వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో ఒక లెక్క ప్రచురించారు. తలని 30 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 18 కిలోలకీ, 60 డిగ్రీలు వంచితే 27 కిలోలకీ సమానమని దాని సారాంశం. ఇది కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్క. మనుషుల మెడలకి కాటా కట్టి తూచింది కాదు. అయినా అరబస్తా బియ్యం మెడ మీద పెట్టుకుని మెసేజీ రాస్తున్నామని అనుకుంటే, తల ఎత్తాలన్న ఆలోచన అయినా వస్తుంది.

రెండోది, టచ్ ఫోను పెద్దది. చాలావరకు 180 నుంచి 220 గ్రాములు తూగుతుంది. ఒక చేత్తో పట్టుకుని అదే చేతి బొటనవేలితో రాస్తే, ఈ మూల నుంచి ఆ మూలకి వేలు చాచాలి. బటన్ ఫోనులో వేలు నొక్కేది. టచ్ ఫోనులో వేలు చాచి, గాలిలో నిలబడి, తాకి, మళ్ళీ చాచుతుంది. నేను పైన చెప్పిన రెండు తాళ్ళకీ పని పెట్టేది ఈ చాచడమే. కొట్టు నడిపే ఆమె చేతికి వచ్చిన తంటా ఇదే.

మూడోది కళ్ళు. మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. తెరని తదేకంగా చూసేటప్పుడు అది సగానికో, అంతకంటే తక్కువకో పడిపోతుంది. కంట్లో తడి ఆరిపోతుంది. మంట, ఎరుపు, ఇసుక పడ్డట్టు గరగర. "కళ్ళద్దాలు మార్చాలేమో సార్" అని వచ్చేవాళ్ళలో చాలామందికి కావలసింది అద్దాలు కాదు, రెప్పలు.

వేగం సంగతి కూడా చెప్పాలి. 2019లో ఐరోపా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 37,000 మంది ఫోన్ల మీద ఎలా టైపు చేస్తారో గమనించారు. సగటున నిమిషానికి 36 మాటలు. ఎక్కువమంది రెండు బొటనవేళ్ళూ వాడేవాళ్ళు. అంతకు ఏడాది ముందు కంప్యూటర్ కీబోర్డుల మీద చేసిన ఇలాంటి పరిశీలనలో సగటు 52 మాటలు వచ్చింది. అంటే అద్దం అంత వెనకబడి ఏమీ లేదు. వేగం కోసమైతే ఎవరూ మళ్ళీ మీటలకి వెళ్ళనక్కర్లేదు.

టైపు మాస్టారు చెప్పిన మాట

1986 వేసవిలో, ఇంటర్ పరీక్షలు రాసి వూరికే వున్న నన్ను, మా నాన్న ఆత్మకూరులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. "డాక్టర్ సీటు వస్తే సంతోషం. రాకపోతే గుమాస్తా వుద్యోగమన్నా రావాలి గదా" అన్నాడు. ఆ రోజుల్లో లోయర్ పాసవ్వాలంటే నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45 మాటలు కొట్టాలి.

మాస్టారు మొదటి వారం అక్షరాలే నేర్పలేదు. కూర్చోవడం నేర్పారు. వీపు నిటారు. పాదాలు నేల మీద. మోచేతులు పక్కలకి. మణికట్టు బల్లకి ఆనితే వెనకనుంచి రూళ్ళకర్ర తగిలేది. "చూపు కాయితం మీద, వేళ్ళు మిషను మీద" అనేవారు. పది వేళ్ళకీ పని పంచేవారు. అరగంట కాగానే లేచి చేతులు దులుపుకోమనేవారు. ఆయనకి వైద్యం తెలియదు. కాని తరువాత నేను పుస్తకాల్లో చదువుకున్న జాగ్రత్తలన్నీ ఆయన కర్ర చెప్పినవే.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు తోచేది ఇది. టైపు మిషనుకి మాస్టారు వున్నాడు. ఫోనుకి మాస్టారు లేడు. కోట్లమంది ఎవరూ నేర్పకుండా, ఎలా కూర్చోవాలో చెప్పేవాళ్ళు లేకుండా, పడుకుని, ఒత్తిగిలి, బస్సులో వేళ్ళాడుతూ టైపిస్టులైపోయారు. పది వేళ్ళు చేసిన పని ఒక వేలి మీద పడింది. మా శాఖలోనే చూడండి. ఎ.ఎన్.ఎం.లకి ఒకప్పుడు రిజిస్టర్లు వుండేవి. 2016లో మన రాష్ట్రంలో అన్‌మోల్ అనే ట్యాబ్లెట్ పద్ధతి మొదలయింది. తల్లుల వివరాలు, బిడ్డల టీకాలు అద్దం మీద రాయడం నేర్చుకున్నారు. కాయితాల బరువు తగ్గింది, మంచిదే. మెడ మీద బరువు సంగతి మాత్రం ఎవరూ లెక్క వెయ్యలేదు.

అద్దం పట్టించుకోని వేళ్ళు

కొందరి వేళ్ళని టచ్ ఫోను అసలు పట్టించుకోదు. సేద్యం చేసి చేసి కాయలు కాసిన వేళ్ళు, ఎండిపోయిన వేళ్ళు తాకితే అద్దానికి తెలియకపోవచ్చు. "నా ఏలు చచ్చిపొయ్యిందా సార్" అని ఒక పెద్దాయన అడిగాడు. చావలేదు. చర్మం మందంగా వుంది, అంతే. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, వేలి కొసతో కాకుండా మెత్తటి భాగంతో తాకితే పని చేస్తుంది.

కాని షుగరు వున్నవాళ్ళు ఒక సంగతి గమనించాలి. మీ వేలికి అద్దం తగిలినట్టు తెలియకపోయినా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, తప్పు ఫోనుది కాకపోవచ్చు. షుగరువల్ల నరాలు మొద్దుబారితే ఇలా అవుతుంది. ఇవి నిజంగానే నరాలు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో లేచి చెయ్యి విదిలించుకోవలసి వస్తే, మణికట్టులో నరం నొక్కుకుపోతున్నదని అనుమానించాలి. షుగరు, థైరాయిడ్ జబ్బులున్నవాళ్ళకీ, గర్భిణులకీ ఇది ఎక్కువ. డాక్టరుకి చూపించాలి.

ఇంతవరకూ నేను చెప్పినవన్నీ నొప్పి తెచ్చే సంగతులు. ఇక ప్రాణం మీదకి తెచ్చే సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

ఆ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నాకు ఒక స్నేహితుడున్నాడు. నాకంటే అయిదేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన వేళ్ళు మీటల మీద పడుతుంటే వడగళ్ళవాన కురిసినట్టుండేది. తెలుగు మిషను మీద కూడా, ఆ వత్తులూ గుణింతాలూ అన్నిటితో, తప్పు లేకుండా కొట్టేవాడు. టైపిస్టుగా చేరి, పైకి వచ్చి, రిటైరయ్యాడు. రిటైరయ్యేదాకా బటన్ ఫోనే. తర్వాత కూతురు టచ్ ఫోను కొనిచ్చింది. "ఏంది అబ్బయా ఇది, నేనొకటి తాకితే అదొకటి పడతా ఉంది" అని నా దగ్గర విసుక్కునేవాడు. ఆయన పంపే మెసేజీల్లో తప్పులు దొర్లేవి. టైపు హయ్యర్ పాసైన మనిషి అని మేము ఎగతాళి చేసేవాళ్ళం.

ఒకరోజు పొద్దున ఏడు కాకముందే ఆయన దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. అంతకు ముందురోజు తన బి.పి. మాత్రల గురించి అడుగుతానన్నాడు. మెసేజీలో "డాకట రపు మతర కయి సనలు తమ" అని వుంది. ఒక్క మాటకీ అర్థం లేదు. నేను నవ్వుకున్నాను. నవ్వే ముఖం బొమ్మ ఒకటి పంపించి, "అన్నా, నీకు బటన్ ఫోనే మేలు" అని రాశాను. డ్యూటీకి వెళ్ళిపోయాను.

జవాబు రాలేదు. నేను మళ్ళీ చూడనూ లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి వదిన ఫోను చేసింది. "అన్నం కలపలేకపోతా ఉండాడు. మూతి ఒక పక్కకి పొయ్యింది. మాట ముద్దగా వస్తా ఉంది" అంది. 108 పిలిపించి నెల్లూరు పంపించాను. స్కానింగులో మెదడు ఎడమవైపు రక్తం గడ్డ కట్టిందని తేలింది. పక్షవాతం. ఆ గడ్డని కరిగించే ఇంజెక్షను వుంది. కాని అది జబ్బు మొదలయిన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. పొద్దున్నించీ ఆరుగంటలు దాటిపోయింది. పెద్ద రక్తనాళం మూసుకుపోతే, కొందరికి 24 గంటల దాకా కూడా నాళంలోకి సన్నని గొట్టం పంపి గడ్డని తీసే చికిత్స వుంది. ఆయనకి మూసుకున్నది చిన్న నాళం. ఆ చికిత్సకి తగదన్నారు.

ఆ పొద్దున తప్పు రాసింది వేలు కాదు. మెదడు. నేనది వేలి తప్పు అనుకున్నాను.

మాట రాకపోవడం, రాత రాకపోవడం పక్షవాతం లక్షణాలని వైద్య విద్యార్థిగా వున్నప్పుడే చదువుకున్నాను. ఫోను మీద రాతలో కూడా అవే లక్షణాలు కనిపిస్తాయని వైద్య పత్రికల్లో వచ్చింది. 2012లో అమెరికాలో బోస్టన్ డాక్టర్లు ఒక గర్భిణి సంగతి రాశారు. ప్రసవం తేదీ గురించి భర్త అడిగితే ఆమె పంపిన సందేశాల్లో మాటలకి పొందిక లేదు. భర్త అనుమానించి ఆస్పత్రికి తీసుకువెళ్ళాడు. పరీక్షిస్తే స్ట్రోక్ అని తేలింది. ఇలాంటి దానికి "డిస్‌టెక్స్‌టియా" అని పేరు పెట్టారు. ఆ భర్త అనుమానించాడు. నేను డాక్టరుని. నవ్వే బొమ్మ పంపాను.

టచ్ ఫోను తప్పుల్ని మామూలు చేసింది. దాని మీద అందరం తప్పులు రాస్తాం. తప్పులు చూసి నవ్వుకోవడం అలవాటయింది. అందుకే అసలైన తప్పు వచ్చినప్పుడు గుర్తు పట్టలేకపోతున్నాం. బటన్ ఫోను అయితే ఈ పొరపాటు జరిగేది కాదని నేను అనను. కాని ఒక మనిషి మామూలుగా ఎలాంటి తప్పులు చేస్తాడో మీకు తెలుసు. ఒక అక్షరం బదులు పక్క అక్షరం పడటం వేలి తప్పు. మాటలకి మాటలే అర్థం లేకుండా పోవడం, వరస తప్పడం, అదీ అకస్మాత్తుగా జరగడం, అది వేరు. అప్పుడు మెసేజీకి మెసేజీ పంపకండి. ఫోను చెయ్యండి. గొంతు వినండి.

మాట ముద్దగా వుందా? నవ్వమంటే మూతి ఒక పక్కకి పోతోందా? రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి జారుతోందా? ఈ మూడింట్లో ఏ ఒక్కటి వున్నా, పొద్దున ఎన్నింటికి బాగున్నాడో గుర్తు పెట్టుకుని, వెంటనే 108కి ఫోను చేసి, స్కానింగు వున్న ఆస్పత్రికి పంపించండి. "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అనుకోకండి. నోట్లో నీళ్ళు, మాత్రలు పొయ్యకండి. చెవులు పిండటం, పసర్లు పొయ్యడం చెయ్యకండి.

మరి ఏం చెయ్యాలి?

ఇక బొటనవేలి సంగతి. నేను కొట్టు నడిపే ఆమెకి చెప్పినవే మీకూ చెబుతాను.

ఒక చేత్తో పట్టుకుని అదే చేతి బొటనవేలితో రాయడం మానండి. ఫోను బల్ల మీదనో, ఒళ్ళో దిండు మీదనో పెట్టి చూపుడువేలితో రాయండి. లేదా రెండు బొటనవేళ్ళకీ పని పంచండి. ఫోనుని గుండె ఎత్తుకి తెచ్చుకోండి, తలని ఫోను దగ్గరకి దించకండి. అక్షరాల పరిమాణం పెద్దది చేసుకోండి. పొడుగు సంగతులు రాయనక్కర్లేదు. నోటితో చెబితే తెలుగులో రాసిపెట్టే సదుపాయం ఇప్పుడు ఫోన్లలో వుంది. రోజూ పేజీలు పేజీలు రాయవలసిన వుద్యోగమైతే ఫోనుకి తగిలించుకునే విడి కీబోర్డు కొనుక్కోండి. ఇరవై నిమిషాలకి ఒకసారి ఇరవై అడుగుల దూరంలో వున్నదాన్ని ఇరవై సెకన్లు చూడండి. అప్పుడు రెప్పలు కూడా వాటంతట అవే పడతాయి.

నొప్పి మొదలయితే మూడు నాలుగు వారాలు ఆ వేలికి విశ్రాంతి ఇవ్వాలి. బొటనవేలు కదలకుండా పెట్టే పట్టీ మందుల షాపులో దొరుకుతుంది. గుడ్డలో చుట్టిన మంచుముక్క పది నిమిషాలు పెట్టవచ్చు. గట్టిగా తోమించడం, మెటికలు విరిపించడం వద్దు. నొప్పి మాత్రలు మీ అంతట మీరు నెలల తరబడి మింగకండి. కడుపులో పుండు, బి.పి., కిడ్నీ జబ్బు వున్నవాళ్ళకి అవి ప్రమాదం. తగ్గకపోతే ఆ ఒరలోకి డాక్టరు ఇంజెక్షను ఇస్తారు. ఎక్కువమందికి దాంతో గుణం కనిపిస్తుంది. ఏ కొద్దిమందికో చిన్న ఆపరేషను కావలసి వస్తుంది. నా దగ్గరకు వచ్చిన ఆమెకి పట్టీతోనే తగ్గింది. ఇప్పుడు జవాబులు నోటితో చెబుతున్నది. "కొనేవాళ్ళు కూడా అదే బాగుందంటా ఉండారు సార్" అంది.

మెడ నుంచి చేతిలోకి నొప్పి దిగి, చేతిలో వస్తువులు జారిపోతున్నా, నడక తూలుతున్నా ఆలస్యం చెయ్యకండి. అది పట్టీతో పోయేది కాదు.

మందుల సంగతి ఫోనులో రాసుకునేవాళ్ళకి ఒక మాట. అద్దం మీద 1 తాకితే 2 పడవచ్చు. మోతాదుని అంకెలోనూ, అక్షరాల్లోనూ రాయండి. ఇన్సులిన్ అయితే ఫోను చేసి ఒకసారి చెప్పించుకోండి.

ముసలివాళ్ళ దగ్గర నుంచి బటన్ ఫోను లాక్కోకండి. టచ్ ఫోను కొనిస్తే కొనివ్వండి, మనవల ముఖాలు చూసుకుంటారు. కాని చీకట్లో తడిమి నొక్కితే మీకు మోగే బటన్ ఒకటి వాళ్ళ దిండు పక్కన వుండనివ్వండి. వాళ్ళు తప్పులు రాస్తే నవ్వకండి.

అందుకని బటన్ మంచిదా, టచ్ మంచిదా అంటే నా జవాబు ఇది. కీళ్ళు అరిగినవాళ్ళకి టచ్ మేలు. వేళ్ళు మొద్దుబారినవాళ్ళకి, వణికేవాళ్ళకి, చూపు తగ్గినవాళ్ళకి బటన్ మేలు. మిగతావాళ్ళకి ఏదైనా ఒకటే, ఎంతసేపు, ఎలా పట్టుకున్నారు అన్నదే ముఖ్యం.

మా అన్న ఇప్పుడు కొంత కోలుకున్నాడు. మాట చాలావరకు వచ్చింది. కుడిచెయ్యి ఇంకా సగమే. అద్దం తాకితే వేళ్ళకి ఏమీ తెలియదంటాడు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి సలహా మీద కూతురు ఒక కీబోర్డు తెచ్చిపెట్టింది. రోజూ పొద్దున కూర్చుని, వీపు నిటారుగా పెట్టి, నలభై ఏళ్ళ కిందట మాస్టారు నేర్పిన మొదటి పాఠమే కొడుతున్నాడు. మీట దిగినట్టు వేలికి తెలుస్తోందట. నిమిషానికి నాలుగు మాటలు వస్తున్నాయి.

పోయిన వారం ఆ కీబోర్డు మీద నాకు మెసేజీ పంపాడు. "బాగున్నాన అబ్బయా" అని వుంది. ఒక కొమ్ము తప్పిపోయింది. నేను బొమ్మలేవీ పంపలేదు. ఫోను చేశాను.